పుల్లలక్క దాచని పుల్ల

పుల్లలక్క చేతిసంచి ఎప్పుడు తెరిచినా తడిగుడ్డలో చుట్టిన పుల్లలు నాలుగైదు కనిపించేవి. పుల్లలు పెట్టే మనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు గానీ, ఆ పేరు మాత్రం ఎవరి జోలికీ పోని ఈవిడకు దక్కింది. ఆమె పని అంటుకట్టడం. నచ్చిన చెట్టు కంటబడితే, గోడ అవతలిదైనా సరే, అడిగి ఒక పుల్ల కోసుకునేది. దాన్ని తీసుకెళ్లి తెలిసినవాళ్ల పెరట్లో అలాంటి చెట్టుకే అంటుకట్టి వచ్చేది. చెట్టన్నాక ఎప్పుడేమవుతుందో తెలీదు, ఇంకోచోట ఒక కొమ్మ బతికుండాలి అని వాళ్ల నాన్న నేర్పిన అలవాటు అది.

నాన్న పోయాక నర్సరీ తమ్ముడి చేతికొచ్చింది. అతను అమ్మకాలు చూసుకునేవాడు, ఆమె మొక్కలు చూసుకునేది. వాళ్ల బేరిపండ్ల చెట్లన్నీ ఒకే తీపి చెట్టు నుంచి అంటుకట్టినవి. పెద్ద కాయ, ఎక్కువ తీపి కావాలని తరతరాలుగా మనుషులు ఏరుకుంటూ వచ్చిన రకం. ఆ సంబరంలో రోగాన్ని తట్టుకునే గుణం చేజారిపోతోందని ఎవరూ పట్టించుకోలేదు. ఒక వసంతంలో మాడు తెగులు వచ్చి, పూతతో నిండిన కొమ్మలన్నీ సెగ తగిలినట్టు నల్లబడ్డాయి. పంపు గది వెనక ఉన్న అడవి బేరి మాత్రం నిక్షేపంగా ఉంది. దాని ఒళ్లంతా ముళ్లు, కాయ గోళీకాయంత, కొరికితే మొహం ముడుచుకుపోయే వగరు.

ఆ ముళ్ల చెట్టు పుప్పొడిని పుల్లలక్క కుంచెతో తీసి తీపి చెట్టు పూలకు అద్దింది. కాసిన కాయల్లోని గింజలు నాటింది. మొలిచినవాటిలో చాలామటుకు తెగులుకు పోయాయి, మిగిలినవి నోట పెట్టలేని కాయలు కాశాయి. ఏళ్ల తరబడి ఇదే తంతు. చివరకు ఒక్కటి తెగులును తట్టుకుని తినదగ్గ పండు కాసింది. తమ్ముడు ఆ పండు కోసి మొదటి ముక్క అక్క నోట్లో పెట్టాడు.

"ఆ ముళ్ల చెట్టూ, ఈ పిల్ల చెట్టూ రెండూ నీవే అక్కా. అడిగినవాళ్లందరికీ పుల్లలిద్దాం. ఎవరి తోటా పోకూడదు," అన్నాడు.

ఆ మాటతోనే ఆమె కడుపు నిండిపోయింది.

తర్వాత కూతురి పురిటికని వెళ్లింది. మనవరాలికి మెడ నిలిచాక తిరిగొచ్చేసరికి, పంపు గది వెనక వెలుతురు ఎక్కువైనట్టు అనిపించింది. అడవి బేరి లేదు. నరికిన మొద్దు మీద మళ్లీ చిగురు వేయకుండా పూసే మందు నల్లగా మెరుస్తోంది. ఆ మందు ఎలా పూయాలో తమ్ముడికి నేర్పింది ఆమే. అటు తిరిగి చూస్తే పిల్ల చెట్టు కూడా లేదు.

"కొత్త రకాన్ని పెద్ద నర్సరీవాళ్లు కొనుక్కుని, చెట్టుతో సహా పట్టుకెళ్లారక్కా," అన్నాడు తమ్ముడు నీళ్ల గొట్టం చుట్టుకుంటూ. "ఇంకెవరి దగ్గరా ఉండకూడదన్నారు. ముళ్ల చెట్టు ఉంటే ఎవరైనా అలాంటిదే పుట్టించుకుంటారట."

"నన్ను అడగాలనిపించలేదా?"

"అడిగితే ఒప్పుకుంటావా ఏంటి?"

నిజమే, ఒప్పుకునేది కాదు. అడగకపోవడానికి అదే కారణమని అంత తేలిగ్గా చెప్పేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేది. తన దగ్గర అంటుకత్తి తిప్పడం నేర్చుకున్నవాడే వెన్నుపోటు పొడిచాడు. తన కత్తి గూట్లో పడేసి, ఆ మధ్యాహ్నమే గేటు దాటింది. పక్క వీధిలో కుండీలమ్మే దుకాణంలో పనికి కుదిరింది.

కొన్నేళ్లకు తెగులు కొత్త రకంలోకీ దారి చేసుకుంది. అడవి చెట్టు బలమంతా పిల్లకు రాలేదన్నమాట. మళ్లీ మొదటి నుంచి కలపాలంటే ఆ ముళ్ల చెట్టే కావాలి. చుట్టుపక్కలంతా గాలించారు. పనికిరాని ముళ్ల చెట్లు కదా అని జనం వాటిని ఎప్పుడో పొయ్యిలో పెట్టేశారు. అప్పుడు తమ్ముడు అక్క ఇంటి మెట్లెక్కాడు.

"జరిగిందేదో జరిగిపోయింది అక్కా. ఒక్క పుల్ల ఇవ్వు చాలు."

"ఏ పుల్ల?"

"నీ సంగతి నాకు తెలీదా? దారి పక్క చెట్టుకి కూడా ఇంకోచోట ఒక కొమ్మ బతికిస్తావు. దాన్ని ఎక్కడో ఒకచోట అంటుకట్టే ఉంటావు."



"అందరి చెట్లవీ దాచానురా. దానిది మాత్రం దాచలేదు."

"ఎందుకని?"

"నీ దగ్గరుంది కదా అని."

అతను నమ్మలేదు. నవ్వాడు, బతిమాలాడు, చివరకు తనే పెరట్లోకి నడిచాడు. కుండీలన్నీ జరిపి చూశాడు. గోడ పక్కనున్న బేరి చెట్టు కొమ్మలను ఒక్కొక్కటే వంచి ముళ్ల కోసం తడమసాగాడు. పుల్లలక్క వంటగది కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది.

"ఏ కొమ్మో చెప్పేయరాదూ, అక్కా," అన్నాడు అక్కడి నుంచే.

చెట్టు నరికిన రోజు కంట తడి పెట్టని మనిషి, వాడు ఇంకా వెతుకుతూ ఉండటం చూసి ఏడ్చింది.