పెంకుటింటి వారి మేడ

పల్నాడులోని ఒక మున్సిపాలిటీలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా నాకు చివరి పోస్టింగు. ఊరి పేరు రాయడం లేదు. నరసరావుపేటలో కాపురం, అక్కడి నుంచి రోజూ బస్సు. ఈ సంగతి జరిగింది నా విరమణకు నాలుగేళ్ల ముందు, మాఘమాసంలో, కోటప్పకొండ తిరునాళ్లకు ఊళ్లలో ప్రభలు కడుతున్న రోజుల్లో. మున్సిపల్ ఎన్నికల నామినేషన్లు అప్పుడే మొదలయ్యాయి.

నేను బడికి వెళ్లి చదవలేదు. మా నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పి పరీక్షలు ప్రైవేటుగా రాయించారు. అలాంటిదానికి ఒక కుర్చీ, ఒక సంతకం దక్కాయని, రోజూ పెన్ను తెరిచే ముందు త్రికోటేశ్వరస్వామికి మనసులో దండం పెట్టుకునేదాన్ని. ఇప్పటికీ పొద్దున పదిన్నరకు చెయ్యి పెన్ను కోసం వెతుకుతుంది.

ఇంటిపన్ను రిజిస్టరులో ప్రతి ఇంటికీ ఒక వరస ఉంటుంది. యజమాని పేరు, ఇంటి గుర్తుగా జనం పిలిచే పేరు, తర్వాత నిర్మాణ స్వభావం. అంటే స్లాబా, పెంకులా, రేకులా అని. దాన్నిబట్టి విలువ, విలువను బట్టి పన్ను. బిల్ కలెక్టరు తిరిగి చూసి మార్పులు రాయాలి. ఇన్‌స్పెక్టరు తనిఖీ చేసి సంతకం పెట్టాలి. పుస్తకాలన్నీ అప్పటికే కంప్యూటరులోకి ఎక్కాయి గాని, ఎక్కింది పాత పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే. ఎన్నికల్లో నిలబడేవారు పన్ను బకాయి లేదని మా దగ్గర కాగితం తీసుకోవాలి. దాన్ని నో డ్యూ అంటాం.

ఆ ఎన్నికల్లో ఎక్కడ విన్నా కోటయ్యగారి మాటే. ఆయనకు రెండు పత్తి జిన్నింగు మిల్లులు. కౌన్సిల్‌కు నిలబడుతూ ఆయన చెప్పింది ఒకటే: పన్ను అందరికీ ఒకే శాతం ఉండకూడదు, రేకుల ఇంటికి తగ్గించి మేడకు పెంచాలి. "ముందు నా మేడకే పెంచమంటా" అని ఆటోకు మైకు కట్టించి మరీ చెప్పారు. మా ఆఫీసు ఎదుటి టీ బండి దగ్గర ఒకతను, "కోటయ్య మామా, పెంచేదేందో మిల్లులో కూలి పెంచరాదా" అన్నాడు. "అదీ అడుగుతావు, ఇదీ అడుగుతావు, ఓటు మాత్రం అవతలోడికేస్తావు గదరా" అని ఆయన నవ్వారు.

నామినేషన్ల ఆఖరు రోజుకు ముందు రోజు, బావమరిది సాంబయ్యగారిని వెంటబెట్టుకుని నో డ్యూ కోసం వచ్చారు. బిల్ కలెక్టరు మస్తాన్ రిజిస్టరు తెచ్చి పెట్టాడు. బకాయి లేదు. ఆయన ఏనాడూ గడువు దాటనివ్వలేదు. కాగితం రాయబోతూ నిర్మాణ స్వభావం గడి చూశాను. 'పెంకుటిల్లు, మూడు గదులు' అని ఉంది.

ఆ ఇల్లు బస్టాండు వెనక మూడంతస్తుల స్లాబు. రోజూ నేను దాని ముందు నుంచే ఆఫీసుకు నడిచేదాన్ని.

మస్తాన్‌ని అడిగాను. "ఊరంతా పెంకుటిల్లనే అంటారు గదమ్మా. నేనూ అట్నే రాసుకుపోయా" అన్నాడు. నిజమే. ఆ వీధిలో పెంకులు కప్పిన మొదటి ఇల్లు వాళ్ల తాతగారిది. అప్పటి నుంచి వాళ్లు పెంకుటింటివాళ్లు. పెంకులు దిగి స్లాబు పడినా పిలుపు మారలేదు, శుభలేఖల మీదా అదే. ఇంటి గుర్తుగా ఉండాల్సిన మాట పక్క గడిలోనూ ఉండిపోయింది. అంతకు ముందు నాలుగేళ్లుగా, తనిఖీ చేసినట్టు ఆ పేజీ కింద సంతకం నాదే.

విషయం చెప్పగానే సాంబయ్యగారు లేచి తలుపు వేశారు. "బాకీ లేదన్నారు గదమ్మా, కాయితమియ్యండి. కొలతలు ఎలక్షనైనాక చూసుకుందాం. ఇప్పుడు బయటికొస్తే బావ నవ్వులపాలు. అందులో మీ సంతకం కూడా ఉండె."

నో డ్యూ ఆపే అధికారం నాకు లేదని, కాగితం ఇప్పుడే ఇస్తానని చెప్పాను. కాని తప్పు కంటపడ్డాక కమిషనరుగారికి నోటు పెట్టాలి. అందులో నా సంతకం సంగతీ రాయాలి. నోటు ఆ రోజే పెడితే సాయంత్రానికి అవతలి పార్టీకి తెలుస్తుంది. ఎన్నికలయ్యాక పెడితే తెలిసి దాచినట్టవుతుంది. విరమణ దగ్గరపడ్డదాన్ని, భయం నాకూ ఉంది.

కోటయ్యగారు రిజిస్టరు తనవైపు తిప్పుకుని ఆ గడి చూశారు. "బిల్లు నేను చూళ్లేదనుకున్నారా? చూశా. ఇంత తక్కువేందిరా అనుకున్నా. అడగలా" అన్నారు. తర్వాత బావమరిది వైపు తిరిగి, "నువ్వు తలుపు తియ్‌రా, గాలాడట్లా. మైకులో అంత వాగి, ఇది దాస్తే నాకే ఎబ్బెట్టు. టేపు తెమ్మనమ్మా" అన్నారు.

ఆ మాట ఆయన నోట పలికించినందుకు స్వామికి దండం పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఇల్లు కొలిచాం. గుడ్డ టేపు ఒక కొస మస్తాన్, రెండో కొస నేను. యజమానిగా ఆయన వాంగ్మూలం రాసిచ్చారు. నోటు ఆ సాయంత్రమే కమిషనరుగారి బల్ల మీద పెట్టాను.

మర్నాటి నుంచి అవతలివాళ్ల ఆటో, "కోటయ్యా, పెంకుల కింద మేడ ఎట్టా దాచావయ్యా" అని తిరిగింది. ఈయన మైకు పట్టుకుని, "దాచలా, మీ కళ్లముందే ఉంది. కొలిచినోళ్లు లేరు. ఇప్పుడు కొలిచారు, మీరూ కొలిపించుకోండి" అన్నారు. మేడలున్న వీధుల్లో ఆ మాట రుచించలేదు. ఓడిపోయారు. శాతాలు మార్చాలన్న ప్రతిపాదన కౌన్సిల్ దాకా రానే లేదు. పెరిగిన పన్ను మాత్రం నేను దిగిపోయేదాకా గడువులోనే కట్టారు.

నాకు మెమో వచ్చింది. ఏడాది పాటు ఒక ఇంక్రిమెంటు ఆగింది. తనిఖీ బాధ్యత నాదని నేను నోటులో రాసినందువల్ల మస్తాన్‌ని మందలించి వదిలారు. అంతటితో పోయినందుకు ఈనాటికీ కృతజ్ఞురాలినే.

రిజిస్టరులో 'పెంకుటిల్లు' కొట్టేసి ఎర్ర సిరాతో నేనే దిద్దాను. కొత్తగా వచ్చిన బిల్ కలెక్టర్లకు ఆ పేజీ చూపించి చెప్పేదాన్ని. ఇంటిని జనం పిలిచే పేరు విని రాసుకోవచ్చు. నిర్మాణ స్వభావం గడప దాటి, చూసి రాయాలి. రోజూ ఇంటి ముందు నుంచి నడిచి వెళ్లడం తనిఖీ కిందికి రాదు.