మా ఆర్వో బావ కోతలు

మా అక్క మొగుడు ఆర్వో మాకెలాకి ఒక జబ్బుంది. ఊళ్ళో ఎవరి గురించి మాట్లాడినా ఆకాశానికెత్తేస్తాడు. తన గురించి అడిగితే మాత్రం రెండే ముక్కలు: "బాగానే ఉన్నా." అంతకు మించి గొంతు పెగలదు.

మా ఊరు మిషిగన్‌లో ఉత్తరపు కొసన, అడవిలో ఉంది. అక్కడి కలప మిల్లులో బావ ముప్ఫై ఏళ్ళు దుంగలు కోశాడు. "ఆర్వో పగలు చెక్కలు కోస్తాడు, సాయంత్రం కోతలు కోస్తాడు" అని ఊరంతా నవ్వుకునేవారు. అయితే మామూలు కోతలరాయుళ్ళు తమ గొప్పలు కోసుకుంటారు. మా బావ ఎదుటివాడి గొప్పలు కోస్తాడు.

నా సంగతే చూడండి. నేను రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతాను. ఒక చలికాలం మంచులో దిగబడిన కారొకదాన్ని గొలుసు వేసి బయటికి లాగాను. అంతే. సాయంత్రం పెట్రోలు బంకు పక్కన కాఫీ కొట్లో బావ చెప్పిన కథలో ఆ కారు స్కూలు బస్సయింది. మర్నాటికి రెండు బస్సులయ్యాయి. వారం తిరిగేసరికి అందులో ఒకావిడకి నొప్పులొచ్చాయి, నేనే కాన్పు కూడా చేశాను.

"బావా, ఆ కారులో ఉన్నది మన ముసలి పాస్టరు గారు!" అని మొత్తుకున్నాను.

బావ నా వీపు తట్టి కొట్లోవాళ్ళ వైపు తిరిగాడు. "చూశారా? చేసిన మేలు చెప్పుకోడు మా డేల్! ఎంత మొహమాటం!"

మా అక్క సిల్వియా బడి వంటశాలలో పని చేస్తుంది. మాంసం, బంగాళాదుంపలు కూరి కాల్చే పేస్టీలు బాగానే చేస్తుంది. బావ నోట పడ్డాక ఆ పేస్టీ వాసనకి స్పృహ తప్పినవాళ్ళు లేచి కూర్చున్నారు, విడిపోయిన మొగుడూ పెళ్ళాలు కలిసిపోయారు. అక్క తిట్టేది. "ఏమయ్యా, చర్చి విందుకి నీ మూలంగా పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. వాళ్ళందరికీ ఎవడు వండుతాడు?"

"నువ్వే. నీకు అదొక లెక్కా!" అనేవాడు బావ, నిజంగానే నమ్ముతూ.

అలాంటివాడి నడుం మీద, ఒక ఆకురాలు కాలంలో, పేర్చిన దుంగల గుట్ట జారి పడింది. డాక్టర్లు వెన్నులో ఇనుప కడ్డీలు పెట్టి బిగించారు. కుడికాలు సగం మొద్దుబారిపోయింది. నేను ఆసుపత్రికి పరుగెత్తాను. మంచం మీద మొహం పాలిపోయి పడున్నాడు.

"ఎలా ఉంది బావా?"

"బాగానే ఉన్నా. ఒరే, ఆ నర్సుని చూశావా? నన్ను పూచికపుల్లలా ఎత్తి పక్కకి తిప్పింది! మిల్లులో క్రేను తీసేసి ఆవిణ్ణి పెట్టుకోవచ్చు."

ఇక ఏ పనికీ వెళ్ళే ఒళ్ళు కాదని డాక్టరు తేల్చేశాడు. పని చేయలేనివాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే భృతికి పెట్టుకోమని అక్క పోరింది. బావ గింజుకున్నాడు.

"బాగానే ఉన్నాను కదే!"

"సాక్సు తొడుక్కో చూద్దాం," అంది అక్క. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ, పక్కింటివాళ్ళు కట్టెలు ఎంత అందంగా పేర్చుకున్నారో వర్ణించడం మొదలుపెట్టాడు. అక్క దరఖాస్తు తెచ్చి ఒళ్ళో పడేసింది. "ఇన్నేళ్ళూ నీ జీతంలోంచి ఇందుకోసమే కోసుకున్నారు. నీ సొమ్ము నువ్వు అడుక్కోవడం లేదు, తెచ్చుకుంటున్నావు. రాయి!"

రాశాడు. ఎవరికీ చూపించకుండా పోస్టు చేశాడు. కొన్నాళ్ళకి 'మీరు పని చేయగలరు' అని జవాబొచ్చింది. అప్పుడుగానీ ఆయన రాసిన దాని నకలు మా కంట పడలేదు. నడవడంలో ఇబ్బంది ఉందా? 'బాగానే ఉన్నా.' వంగగలరా? 'బాగానే ఉన్నా.' రోజంతా ఏం చేస్తారు అన్నచోట మాత్రం అంచుల దాకా కిక్కిరిసేలా రాశాడు. అంతా నా గురించే! మంచు తుఫానులో నేను లారీ ఎలా నడుపుతానో, మలుపులో ఎలా తిప్పుతానో... ప్రభుత్వంలో ఎవరో గుమాస్తాకి నా డ్రైవింగు గురించి పూర్తిగా తెలిసింది. మా బావ నడుం గురించి ఏమీ తెలియలేదు.

మళ్ళీ చూడమని అడిగాం. ఈసారి ఆఫీసు నించి ఒకమ్మాయి ఫోన్ చేసింది. అక్క పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చేలోపు బావ అన్నీ బాగానే ఉన్నాయని చెప్పేసి, "నీ గొంతు ఎంత బావుందమ్మా! రేడియోలో ఎందుకు చేరలేదు?" అంటున్నాడు. మళ్ళీ కాదన్నారు. వాళ్ళనేం అంటాం? వాళ్ళు మనిషి చెప్పిందే నమ్మారు.

మిగిలింది జడ్జి ముందు విచారణ. బీదవాళ్ళకి ఉచితంగా వాదించే లాయరు ఓడెట్ ట్రెమేన్ గారు మా కేసు తీసుకుంది. పొట్టి మనిషి, గట్టి మనిషి. ఎక్స్‌రేలు, డాక్టర్ల ఉత్తరాలు అన్నీ పోగు చేసి, బల్ల మీద తట్టి సర్దింది.

"గెలుస్తాం. అనుమానమే లేదు," అంది. తర్వాత బావ వైపు చూసి, "మీరు నోరు తెరవకపోతే," అంది.

"జడ్జి గారు ఆయన్నే అడుగుతారు కదండీ?" అన్నాను.

"అదే మరి. మాకెలా గారూ, ఉన్నది ఉన్నట్టు చెప్పడం అలవాటు చేసుకుందాం. నాతోపాటు అనండి. 'నా బూట్లు నేను తొడుక్కోలేను.'"

"నా బూట్లు..." బావ నుదుటి మీద చెమట పట్టింది. "నా బూట్లు నేను..." ఉక్కిరిబిక్కిరై కిందికి చూశాడు. "మీ బూట్లు చాలా బావున్నాయమ్మా. ఎక్కడ కొన్నారు?"

ఆవిడ కళ్ళు మూసుకుని కాసేపు తెరవలేదు.

విచారణ రోజు నేనే కారు నడిపాను. జడ్జి సన్నగా పొడుగ్గా ఉన్నాడు, కళ్ళజోడు ముక్కు చివర నిలబడింది. బావ చేత నిజమే చెబుతానని ప్రమాణం చేయించి అడగడం మొదలుపెట్టాడు.

"ఎంతసేపు కూర్చోగలరు మాకెలా గారూ?"

"మీరు ఎంతసేపంటే అంతసేపండీ," అన్నాడు బావ, కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడుతూ.

"మరి లేచారేం?"

"మీ మీద గౌరవంతో అండీ."

"బరువులు ఎత్తగలరా?"

"ఏం ఎత్తాలో చెప్పండి!"

వెనకనించి అక్క, "చచ్చాం రా," అంది నా చెవిలో. ట్రెమేన్ గారు ఐదు నిమిషాలు విరామం అడిగింది. నన్ను వరండా మూలకి లాక్కెళ్ళింది.

"ఈ మనిషి దేని గురించైనా నోరారా మాట్లాడతాడా?"

"తన గురించి తప్ప అన్నిటి గురించీ. మా గురించి అడిగి చూడండి, ఆపడం మీ వల్ల కాదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. మెల్లగా ఒక నవ్వు వచ్చింది. లోపలికి వెళ్ళి కూర్చుంది.

"మాకెలా గారూ, మీ గురించి ఇక అడగను. మీ భార్య గురించి చెప్పండి."

బావ మొహం వెలిగిపోయింది. "సిల్వియానా! అయ్యా, అలాంటి మనిషి ఉండదండీ. పొద్దున్నే తను పనికి పోవాలా, అయినా నేల మీద కూర్చుని ముందు నాకు సాక్సు, ఆ తర్వాత బూట్లు తొడుగుతుంది. ఒక్కనాడు విసుక్కోలేదు. స్నానాల గదిలో నా కాలు జారుతుందని తలుపు దగ్గరే నిలబడి పాటలు పాడుతుందండీ, నాకు సిగ్గేయకుండా."

జడ్జి కలం అందుకున్నాడు.

"ఇవాళ మిమ్మల్ని ఎవరు తీసుకొచ్చారు?" అంది ట్రెమేన్ గారు.

"మా బావమరిది డేల్! దారంతా ఎన్నిసార్లు ఆపాడో! నేను దిగి కారు పట్టుకుని నిలబడితే, వాడు టైర్లు చూస్తున్నట్టు నటించేవాడు, నాకు మొహమాటంగా ఉంటుందని. టైర్లకేం కాలేదండీ. నా కాలే..."

అక్కడ ఆగిపోయాడు. తనేం చెప్పేశాడో అప్పుడు తట్టింది. మొహం కందగడ్డయింది. అక్క ముక్కు చీదింది. నాకు అన్నిటికన్నా వింతగా తోచింది ఒకటే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బావ మమ్మల్ని ఆవగింజంత కూడా పెంచకుండా పొగిడాడు.

జడ్జి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఆపారేం? కానివ్వండి. రాత్రి నిద్ర పట్టనప్పుడు ఎవరు తోడుంటారో, వాళ్ళని కూడా పొగడండి."

బావ ఇంట్లో కుక్కని పొగిడాడు.

మంజూరైనట్టు ఉత్తరం వచ్చిన రోజు అక్క వంటింట్లో నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. ట్రెమేన్ గారు ఫోన్ చేసి, "చెప్పానా, అనుమానమే లేదని!" అంది.

మర్నాడు బావ చేతికర్ర పొడుచుకుంటూ కాఫీ కొట్టుకి బయల్దేరాడు. వెనకే నేనూ వెళ్ళాను. అందరూ మూగారు. బావ అందుకున్నాడు.

"ఏం కష్టం లేదర్రా! వెళ్ళేసరికి జడ్జి గారు లేచి నిలబడ్డారు. మెత్తటి కుర్చీ వేయించారు. కాఫీ తెప్పించారు. 'ముప్ఫై ఏళ్ళు ఒళ్ళొంచి పని చేశారు, ఇది మీ సొమ్ము, తీసుకోవడానికి ఇంత ఆలస్యం చేశారేం?' అని కోప్పడ్డారు."

నాకు ఒళ్ళు మండింది. రెండుసార్లు కాదన్న సంగతేదీ? లాయరమ్మ పడ్డ పాట్లేవీ? పైగా మా బావ తన గురించి కోతలు కోయడం అదే మొదలు! నోరు తెరవబోయాను. అప్పుడు కనిపించాడు, మూల బల్ల దగ్గర గస్ పెల్కీ.

గస్ అడవిలో చెట్లు కొట్టేవాడు. ఊపిరితిత్తులు పాడై కొట్లోంచి రోడ్డు దాకా నడిచినా ఆయాసపడతాడు. భృతి మాటెత్తితే చాలు, "ముష్టి నాకొద్దు" అని లేచిపోతాడు. ఆ రోజు లేవలేదు. చల్లారిన కాఫీ పట్టుకుని వింటున్నాడు.

బావ అటు చూడలేదు. పైకప్పు కేసి చూస్తూ అన్నాడు: "వచ్చేసేటప్పుడు జడ్జి గారు అడిగారు. 'మీ ఊళ్ళో గస్ పెల్కీ అని గొప్ప పనివాడున్నాడట, ఆయన ఇంకా రాలేదేం?' అన్నారు."

"నా గురించా?" అన్నాడు గస్.

"నీ గురించే. పేరు పెట్టి మరీ."

నేను తెరిచిన నోట్లో కాఫీ పోసుకున్నాను.

వారం తిరక్కుండానే గస్ మా వాకిట్లోకొచ్చి, నేల చూపులు చూస్తూ, ఆ లాయరమ్మ ఎక్కడుంటుందని అడిగాడు. "డేల్ తీసుకెళ్తాడు. వాడి కారెక్కితే ఉయ్యాలలో ఉన్నట్టుంటుంది," అన్నాడు బావ నన్ను అడక్కుండానే.

పట్నం పొలిమేర దగ్గర గస్ గొంతు సవరించుకున్నాడు.

"డేల్, నువ్వు కూడా ఆ గదిలో ఉన్నావు కదా. నిజం చెప్పు. జడ్జి నా పేరు పెట్టి అడిగాడా?"

"పేరొక్కటేనా?" అన్నాను గేరు మారుస్తూ. "ఇంటిపేరుతో సహా అడిగాడు. మీ నాన్నగారు కూడా బావున్నారా అన్నాడు."