ఒడిశాకి ఎగిరిపోయిన మా గెడ్డ

మండలాఫీసులో నా ఉద్యోగం చాలా సులువని అందరూ అనుకుంటారు. వీడియో కాన్ఫరెన్సు ఉన్న రోజు సమావేశం గదిలో పెద్ద తెర వెలగాలి, జిల్లా కేంద్రంలో కూర్చున్న అధికారుల మాట మాకు వినబడాలి, మా ముఖాలు వాళ్ళకు కనబడాలి. అంతే. ఈ మూడూ సవ్యంగా జరిగితే నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఒక్కటి తప్పిందా, అటెండరు దగ్గర్నుంచి ఎంపీడీవో గారి దాకా అందరి నోటా నేనే.

మా మండలం పేరు చెప్పను గానీ, పాతపట్నం నుంచి బస్సెక్కితే ఎంతో దూరం లేదు. సరిహద్దు ఎంత దగ్గరంటే, ఆఫీసు వెనక గోడ దగ్గర నిలబడితే నా ఫోనుకి ఒడిశాలోకి స్వాగతమంటూ మెసేజి వస్తుంది. మళ్ళీ ముందు గదిలోకొస్తే ఆంధ్రాకి స్వాగతం. మధ్యాహ్నం టీ తాగేలోపు రెండు రాష్ట్రాలూ నన్ను నాలుగుసార్లు పలకరిస్తాయి.

ఆ పెద్ద తెర వేలితో ముట్టుకుంటే పనిచేసే రకం. అది వచ్చిన రోజు నా సంబరం ఇంతా అంతా కాదు. రెండోరోజే దాని పక్కన కాగితం అతికించాను: తెరను ముట్టుకోరాదు.

ఎంపీడీవో గారు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. "ముట్టుకోవడానికే కదమ్మా దీన్ని కొన్నది?"

"ముట్టుకుంటే పాడైపోతుంది సార్" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి తెర మీద ఏం చేయాలన్నా మౌస్‌తోనే. అది కూడా నా చేత్తోనే.

కార్తీకంలో ఈ కథలోకి మెంబరమ్మ వచ్చింది. గెడ్డ అవతల చిన్న ఊరొకటుంది. మిగతా వాళ్ళు వాగు అనేదాన్ని మేం గెడ్డ అంటాం. ఆ ఊరికి ఆవిడ వార్డు మెంబరు. యాభై దాటిన మనిషి, రెండెకరాల వరి, కాస్త చోడి, అంటే రాగులు, పండిస్తుంది. వాళ్ళ ఊరి పిల్లలు బడికి రావాలంటే గెడ్డలో దిగి రావాలి. పోయిన వర్షాల్లో ఆవిడ మనవరాలు అక్కడే జారింది. నీళ్ళు ఈడ్చుకుపోతుంటే మెంబరమ్మే దూకి, జడ పట్టుకుని బయటికి లాగింది.

ఆ తర్వాత గెడ్డ మీద కల్వర్టు మంజూరైంది. కానీ కాగితాల్లో రాసిన చోటు వేరు. పిల్లలు దిగే రేవు కాదది, బాగా కిందకి, ఇటుకల బట్టీ దగ్గర. అంత దూరం చుట్టు తిరిగి ఏ పిల్లా బడికి రాదు, మళ్ళీ నీళ్ళలోనే దిగుతారు. చోటు మార్చాలంటే కాన్ఫరెన్సులో జిల్లా ఇంజినీరు గారికి మ్యాపు మీద చూపించి ఒప్పించాలి. ఆ పని మీద వచ్చింది మెంబరమ్మ.

మొదటి వారం తెర మీద ఉపగ్రహం తీసిన మ్యాపు పెట్టాను. పచ్చటి పొలాల మధ్య గెడ్డ సన్నగా కనబడుతోంది. ఇంజినీరు గారు "చూపించండమ్మా" అనగానే, నా కాగితాన్ని లెక్కచేయకుండా మెంబరమ్మ తిన్నగా వెళ్ళి గెడ్డ మీద వేలు పెట్టింది.

మ్యాపు ఒక్కసారిగా ఉబ్బింది. పొలాలు దుప్పట్లంత అయ్యాయి, ఆ దుప్పట్లు పెద్ద ఆకుపచ్చ మరకైపోయాయి. ఆవిడ కంగారుపడి వేలు పక్కకి జరిపింది. ఇప్పుడు అంతా ముడుచుకుని, జిల్లా అరచేయంత అయి, పక్కన సముద్రం వచ్చేసింది. ఇంకోసారి వేలు పెట్టేసరికి కొండలూ అడవులూ సర్రున జారిపోయి తెర మీద ఏదో తెలియని ఊరు నిలబడింది.

"అమ్మా, మీరు చూపిస్తున్నది ఒడిశా" అన్నారు ఇంజినీరు గారు.

"ఓలమ్మో! మా గెడ్డ ఎక్కడికెలిపోనాది?" అంది మెంబరమ్మ. తర్వాత తమాయించుకుని, "కల్వర్టు కోసం ఒడిశా దాకా నానెందుకెల్తాను బాబూ? మాది ఇక్కడే!" అంది.

మిగతా మండలాల వాళ్ళు కూడా తెర మీద చిన్న చిన్న గళ్ళలో ఉన్నారు కదా, ఆ గళ్ళన్నీ పగలబడి నవ్వాయి. నాకైతే నవ్వాపుకోలేక దగ్గు వచ్చింది. ఇంజినీరు గారు మాత్రం నవ్వలేదు. వచ్చే వారం ఇదే రోజున చోటు ఖాయంగా చూపించాలి, లేకపోతే బట్టీ దగ్గరే కట్టేస్తామని చెప్పేసి ఇంకో మండలానికి వెళ్ళిపోయారు. మెంబరమ్మ కూడా నవ్వడం లేదని నేనప్పుడు చూశాను.

ఆ వారమంతా నేను తెరకి వైద్యం చేశాను. తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టాను. అన్నీ ఆపి మళ్ళీ వేశాను, మా వృత్తిలో ఇంతకు మించిన మందు లేదు. సెట్టింగుల్లోకి వెళ్ళి జూమ్ అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడ నొక్కి ఆపేశాను. దాంతో కెమెరా జూమ్ కూడా ఆగిపోయి, ఎంపీడీవో గారు గది చివర చీమలా కనబడ్డారు. అది మళ్ళీ సరిచేసేసరికి ఒక పూట పోయింది.

అటెండరు గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. "దిష్టి తగిలినాదమ్మా. నిమ్మకాయ కడితే పోద్ది" అన్నాడు.

"కరెంటు వస్తువుకి నిమ్మకాయేంటి, బుద్ధుందా?" అని కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అతను ఏమీ అనుకోడు, పదేళ్ళుగా అలవాటు పడ్డాడు.

ఎన్నిసార్లు పరీక్షించినా తెర రాయిలా నిలబడింది. మౌస్‌తో గెడ్డని అటు తిప్పాను, ఇటు తిప్పాను, చెప్పిన మాట విన్నది. వేలు పెట్టి మాత్రం చూడలేదు. నేను పెట్టిన రూలు నేనే ఎలా తప్పుతాను? కాబట్టి తెరలో లోపం లేదు, లోపమంతా ఆ వేలిదే అని తేల్చేశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

కాన్ఫరెన్సుకి ముందురోజు మెంబరమ్మ వచ్చింది. "ఏటి పాపా, బాగైనాదేటి?"

"తెరకేం రోగం లేదు పిన్నీ. మీ చేతులు కొంచెం మొరటు, ఇదేమో సున్నితమైన వస్తువు. రేపు మీరు కుర్చీలో కూర్చుని మాట్లాడండి చాలు. చూపించడం నేను చూసుకుంటాను."

ఆవిడ తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. "కోత కోసిన సేతులు మరి. మెత్తగా ఎలాగుంటాయి?" అని, చేతులు కొంగులో దాచుకుని వెళ్ళిపోయింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

మర్నాడు మా వంతు వచ్చేసరికి మెంబరమ్మ మొదటి వరస కుర్చీలో, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. వాటంతటవి లేచి తెర మీదకి పోతాయేమోనని భయం కాబోలు. నేను మౌస్ పట్టుకున్నాను.

"ఎక్కడ పిన్నీ?"

"మా మరిది పొలం కాడ."

ఉపగ్రహానికి వాళ్ళ మరిది ఎవరో తెలీదు. "ఇంకేదైనా గుర్తు చెప్పండి."

"గడ్డిమేటు దాటినాక, ఎర్రావుని కడతాం సూడు, అక్కడ."

బాణం గుర్తు గెడ్డ పొడుగునా పరుగులు పెట్టింది. ఆవిడ పైకి అంటే నేను కిందకి, ఇటు అంటే అటు. "ఎల్లిపోనావు, ఎల్లిపోనావు, ఎనక్కి రా! అది సెరుకు తోట. ఓలమ్మ, అది బట్టీ పాపా, బట్టీకే ఎల్తన్నావు!" పక్క మండలం గడిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంజినీరు గారు గడియారం చూసుకున్నారు. "ఇంకో రెండు నిమిషాలు" అన్నారు.

ఇక లాభం లేదని మౌస్ పడేసి తెర దగ్గరికి నేనే వెళ్ళాను. "నా వేలు ఎక్కడికి రావాలో చెప్పండి పిన్నీ" అని, మెత్తగా, సున్నితంగా, గోరు కూడా తగలకుండా గెడ్డ మీద వేలు ఆనించాను.

మ్యాపు ఉబ్బింది, ముడుచుకుంది, సర్రున జారింది. మళ్ళీ ఒడిశా.

వెనక కుర్చీలోంచి మెంబరమ్మ గొంతు, ఏ ఎత్తిపొడుపూ లేకుండా, నిజంగా తెలుసుకుందామన్నట్టు వచ్చింది: "నీ ఏలు కూడా మొరటేనేటి పాపా?"

అంతే, ఎంపీడీవో గారు బల్ల మీద తల వాల్చేశారు. ఆయన భుజాలు ఊగుతున్నాయి. అటెండరు తలుపు వెనక్కి పారిపోయాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, తీగ పీకేద్దామని తెర కిందకి వంగాను. వంగితే కంటికి ఎదురుగా, ఎడమ వైపు కింది మూలలో, చట్రం లోపలి అంచు మీద ఎర్రగా బొద్దుగా ఒక బొట్టు.

దసరాకి ఆయుధపూజ చేశాం. జీపుకీ, జెరాక్సు మిషనుకీ అటెండరు బొట్లు పెట్టాడు. ఈ తెరకి మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, నేనే పెట్టాను. త్వరగా రాలిపోకూడదని కుంకుమని కొబ్బరినూనెలో రంగరించి మరీ, నాలుగు మూలలా. మిగతా మూడూ తుడుపుల్లో పోయాయి. ఇదొక్కటి గట్టి పిండం. ఈ రకం తెరలకి చట్రం లోపలి అంచున కంటికి కనబడని కిరణాలు పోతుంటాయి. వాటికి ఏది అడ్డొచ్చినా వేలనే అనుకుంటుంది తెర. అంటే దసరా నుంచీ అది ఆ మూల ఎవరో వేలు పెట్టే ఉన్నారనుకుంటోంది. ఇంకెవరు ముట్టుకున్నా అది రెండో వేలు. రెండు వేళ్ళు పడి జరిగితే బొమ్మ పెద్దదో చిన్నదో కావాలి మరి. చంకలో పిల్లని పెట్టుకుని వారం రోజులు ఊరంతా వెతికాను.

ఒక్క క్షణం అనిపించింది, చప్పుడు చేయకుండా తుడిచేస్తే ఎవరికి తెలుస్తుంది? కానీ మెంబరమ్మ చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి. లేచి నిలబడి, మైకు తెరిచే ఉందని తెలిసి కూడా గట్టిగా చెప్పాను. "సార్, తప్పు ఆవిడ చేతిది కాదు. దసరాకి నేను పెట్టిన బొట్టుది. నేను ఆవిడ మీదకి తోశాను. పిన్నీ, క్షమించండి."

గళ్ళన్నీ ఒకేసారి నవ్వాయి. ఈసారి ఇంజినీరు గారు కూడా.

బొట్టు గోకితే నా గోరు జారిపోతోంది. మెంబరమ్మ లేచి వచ్చి, "జరుగే" అని, బొటనవేలి గోటితో ఒక్క గీకు గీకింది. ఊడొచ్చిన కుంకుమని నేల మీద పడనివ్వకుండా పట్టుకుని, నా నుదుట అద్దేసింది. "కుంకం తొక్కకూడదు" అంది. కొంగుతో ఆ మూల శుభ్రంగా తుడిచింది. నేను మౌస్‌తో మ్యాపుని ఒడిశా నుంచి ఇంటికి తీసుకొచ్చాను.

మెంబరమ్మ గెడ్డ వంపులో వేలు పెట్టింది. మ్యాపు కదల్లేదు.

"ఇది బాబూ. మా గుంటలు బడికెల్తా దిగుతున్నది ఇక్కడ."

ఇంజినీరు గారు ముందుకి వంగి చూశారు. "కనబడిందమ్మా. వంపు దగ్గర. సరే, చెయ్యి తీసెయ్యండి, ఇంకో మండలం వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

ఆవిడ తియ్యలేదు. "రాసుకున్నారా బాబూ?"

"రాసుకుంటాంలెండి."

"రాసుకోండి. రాసినాక తీస్తాను."

ఎవరూ నవ్వలేదు. ఇంజినీరు గారు కలం తీశారు. ఆయన రాస్తున్నంతసేపూ, వరసలో ఉన్న మండలాలన్నీ తమ తమ గళ్ళలో ఊరికే కూర్చున్నాయి. ఆవిడ మోచెయ్యి బరువెక్కి కిందకి వాలుతోంది, వేలు మాత్రం చోటు వదల్లేదు. నేను వెళ్ళి మోచేతి కింద చెయ్యి ఆసరా పెట్టాను.

"రాశానమ్మా" అన్నారాయన.

"సదవండి."

ఆయన చదివారు. చెరుకు తోటకి పైన, గెడ్డ వంపులో, బడి పిల్లలు దాటే రేవు దగ్గర అని. ఆ మాటలు వింటూ మెంబరమ్మ ఒక్కొక్కదానికీ తల ఊపింది. అప్పుడు తీసింది వేలు.