చప్పుడు లేని జనరేటర్

మా ఇంట్లో మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది. గొడవలేమీ లేవు. ఆయనకు వినపడదు, నాకు అరిచే ఓపిక లేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగడానికి వీధి వీధంతా వినేలా అరవాలంటే, ఉప్పు ఎలా ఉంటే ఏంటిలే అనిపిస్తుంది.

మా ఆయన పేరు యలమంద. నూజివీడు చుట్టుపక్కల ఎవరింట్లో మనిషి పోయినా ముందు ఆయనకే ఫోన్ చేస్తారు. ఎత్తేది మాత్రం నేనే. ఆయనది ఫ్రీజర్ పెట్టె అద్దెకిచ్చే పని. దూరాన ఉన్న కొడుకో కూతురో వచ్చేదాకా శవం పాడవకుండా ఉంచే అద్దాల పెట్టె అది. మొదట్లో మామిడి తోటల్లో కాయలు కోసేవాడు. రెడ్డిగూడెంలో కొమ్మ విరిగి కింద పడ్డాక నడుం పనికిరాకుండా పోయింది. చెట్టెక్కలేని మనిషిని తోటలో ఎవరు పెట్టుకుంటారు? ఉన్న కాస్తా అమ్మి ఒక పాత ట్రాలీ ఆటో, దాని మీదికి ఈ పెట్టె తెచ్చాడు. పెట్టె ఇంటికొచ్చిన రోజు నేను అన్నం తినలేదు. తర్వాత అలవాటైపోయింది. అన్నం పెట్టేదాన్ని ఎన్నాళ్లని అసహ్యించుకుంటాం?

కోతల రోజుల్లో గాలిదుమారం లేచిందంటే కాయలూ రాలతాయి, కరెంటు స్తంభాలూ ఒరుగుతాయి. పోయేవాళ్లు కరెంటు చూసుకుని పోరు కదా. అందుకని ట్రాలీ మూలన ఒక జనరేటర్ బిగించుకున్నాడు. పెళ్లిళ్లకు లైట్లు పెట్టేవాడెవడో వదిలించుకున్న పాతది. పిండిమిల్లు తెచ్చి వాకిట్లో పెట్టినట్టుండేది దాని మోత. చావింట్లో పెట్టె మనిషిని లోపలికి ఎవరు రమ్మంటారు? ఈయన ట్రాలీ ఎక్కి దాని పక్కనే కూర్చునేవాడు. పెట్రోలు చూసుకోవాలి, ఆగితే వెంటనే తాడు లాగి మళ్లీ నడిపించాలి. పెట్టె ఆగి శవం పాడైందంటే ఇక ఆ ఊళ్లో తలెత్తుకోలేం.

ఏళ్ల తరబడి అలా కూర్చునేసరికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో కాస్త మిగిలింది. ఏలూరులో చూపిస్తే, మిగిలినదాన్నైనా కాపాడుకోమని, ఆ చప్పుడుకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడు. ఆ మాట నేను అరిచి చెప్పాను. తలూపాడు. మర్నాడు ఫోన్ వస్తే వెళ్లి మళ్లీ అక్కడే కూర్చున్నాడు.

"దాన్ని మార్చవయ్యా, ఆ కాస్తా కూడా పోద్ది," అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. "నడిచేదాన్ని ఎందుకు మార్చడం?" అనేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది నా పని.

చివరికి ఆయన మనసు మార్చింది నేను కాదు. ఉంగుటూరులో ఒక ముసలావిడ పోయింది. కొడుకు మిలటరీలో ఉన్నాడట, సెలవు దొరకలేదు. ఫోన్ పెట్టె దగ్గర పెడితే తల్లితో కడసారి మాట్లాడుకుంటాడు, కాసేపు మోత ఆపమని ఆవిడ కూతురు వచ్చి ఈయన్ని అడిగింది. ఈయన ఆ పిల్ల పెదాలు కదలడం చూసి పెట్రోలు గురించి అనుకున్నాడు. డబ్బా ఎత్తి చూపించి, "ఉందమ్మా, చాలా ఉంది," అన్నాడు. మళ్లీ అడిగింది. మళ్లీ డబ్బా చూపించాడు. పొగరనుకుని ఎవరో చొక్కా పట్టుకుని ట్రాలీ మీంచి కిందికి లాగారు. సంగతి తెలిసేసరికి ఫోన్ కట్టయిపోయింది. ఇంటికొచ్చి స్నానం చేసి, అరుగు మీద చాలాసేపు కూర్చుని, "ఆ బిడ్డని తల్లితో మాట్లాడుకోనివ్వలేదే నేను. మారుద్దాం," అన్నాడు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంట్లో నేను మాటలు లేక చస్తుంటే పట్టలేదు గానీ, ఊరివాళ్ల కోసం మార్చడానికి ఒప్పుకున్నాడు. పోనీలే, ఒప్పుకున్నాడు, అదే చాలనుకున్నాను.

నూజివీడులో మురళీకృష్ణగారి షాపుకు ఇద్దరం వెళ్లాం. ఆయన రెండు చూపించాడు. ఒకటి పెద్దది, మోతలో మా పాతదానికి చెల్లెలు. రెండోది చిన్న పెట్టెలా ఉంది, ఒక్క మనిషి చేత్తో పట్టుకుని నడవొచ్చు. తాడు లాగితే పిల్లి గుర్రుమన్నట్టు అంది, అంతే. చిన్నదైతే పెట్టె ఆగిపోద్దన్న భయంతో మా ఆయన నేరుగా వెళ్లి పెద్దదాని మీద చెయ్యేశాడు.

"చిన్నది సరిపోదాండీ?" అని నేను అడిగాను.

"పెట్టె మామూలుగా నడవడానికి చాలా తక్కువ కరెంటు చాలమ్మా. కానీ కంప్రెసర్ లేచేటప్పుడు ఒక్కసారి మూడు నాలుగింతలు లాగుద్ది. ఆ దెబ్బకి తట్టుకుంటే ఇక ఏళ్ల తరబడి నడుస్తుంది. బండి కుదుపులకి బోల్టులు వదులవకుండా కింద రబ్బరు వేసుకోండి, పొగగొట్టం జనం లేని వైపుకి తిప్పుకోండి, చాలు."

"తట్టుకోకపోతే?"

"ఆరిపోద్ది."

"అయితే పెట్టె తెస్తాం. ఇక్కడే తగిలించి చూద్దాం."

ఆయన ముఖం వాడిపోయింది. "ఏమనుకోకండమ్మా. షాపు ముందు ఆ పెట్టె దింపితే ఇవాళ ఇంకెవరూ మెట్టెక్కరు. మీ ఇంట్లోనే చూసుకోండి. కాకపోతే ఒకసారి దానికి తగిలించాక తిరిగి తీసుకోలేను. ఇంకెవరికి అమ్మను?"

నాకు ఒళ్లు మండింది. రేపు నీ ఇంట్లో కావలసి వస్తే ఏం చేస్తావు అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట ఎవరినీ అనకూడదు, మింగేశాను. మా ఆయనకు ఇదేమీ వినపడలేదు. పెద్దదే ఇమ్మని చేత్తో సైగ చేస్తున్నాడు. ఆ చేతిని పక్కకు తోసి, "చిన్నదే ఇవ్వండి," అన్నాను. పెట్టె ఆగిపోతే ఆ తిట్లు నేనే పడతాను. ఆ కాస్త చెవి పోతే మాత్రం నేను బాగుచెయ్యలేను.

ఇంటికి తెచ్చాక ఇంకో చిక్కు. ఖాళీ పెట్టె ఆన్ చెయ్యకూడదు, చేస్తే మనిషిని పిలుస్తుందని మా అత్త అనేది. నేనూ ఇన్నాళ్లూ చెయ్యనివ్వలేదు. ఎలాగా అని చూస్తుంటే, ముందురోజు గాలికి రాలిన కాయలు పెరట్లో గోనె మీద పోసి ఉన్నాయి. గంపకెత్తి పెట్టెలో పోశాను. ఆయన నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. అయినా మూత వేసి, తాడు లాగి, పెట్టె ప్లగ్గు తగిలించాడు.

జనరేటర్ ఒక్క క్షణం గొంతు పట్టేసినట్టు తగ్గింది. తర్వాత పుంజుకుని సన్నగా గుర్రుమంటూ నిలబడింది. పక్కింట్లో కుక్కరు విజిల్ కూడా నాకు వినపడింది. కాసేపటికి అద్దం మీద చెమ్మ పట్టింది, లోపల మామిడికాయలు మసకబారాయి. అమ్మయ్య అనుకుని ఆయన వైపు తిరిగాను.

ఆయన ముఖం నల్లబడి ఉంది. "ఆరిపోయింది. నేను చెప్పానా? చిన్నది వద్దని చెప్పానా?" అంటూ మళ్లీ తాడు పట్టుకోబోయాడు.

చప్పుడు లేనిది కొంటే మా ఆయన నాకు తిరిగి దొరుకుతాడనుకున్నాను. అది నడుస్తున్న సంగతే ఆయన చెవులకు తెలియదు. అరవలేదు. ఆయన చెయ్యి పట్టుకుని జనరేటర్ మూత మీద పెట్టాను. అది వణుకుతోంది. అరచెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. "నడుస్తోందే," అన్నాడు చివరికి.

ఆ కాయలు కడిగి మాగబెట్టి మేమే తిన్నాం. ఇంకెవరు తింటారు?

అప్పట్నుంచి ఫోన్ వస్తే నేనూ ట్రాలీ ఎక్కుతున్నాను. వయసు మళ్లిన నడుముతో ఆ కుదుపులు నావల్ల కావు. కానీ ఆయన ఒక్కడూ ఉంటే చెయ్యి దాని మీంచి తియ్యడు, తిండికి కూడా లేవడు.

మొన్న చింతలపూడిలో పోయినామె భర్త, పండు ముసలాయన, పెట్టె దగ్గర కుర్చీ వేసుకుని అద్దానికి నోరు ఆనించి మాట్లాడాడు. పాత జనరేటరైతే ఆయన మాట ఆయనకే వినపడేది కాదు. "రోజంతా ఏదో ఒకటి చెప్పేదానివి, విసుక్కునేవాణ్ని. ఒక్క మాట చెప్పవే," అంటున్నాడు.

మా ఆయన జనరేటర్ మీద చెయ్యి ఉంచి, "ఏమంటున్నాడే?" అని అడిగాడు.

చెప్పాలంటే అరవాలి. ఆ వాకిట్లో అరవలేను. కుడి చెవి దగ్గరికి వంగి, మామూలు గొంతుతోనే చెప్పాను.

"ఏంటీ?" అన్నాడు.

మళ్లీ చెప్పాను.