చిన్నమ్మను ఎరగనట్టు

తిరుపతిలో ఎంబీబీఎస్ చదివేటప్పుడు మాకు రెండు వారాలు సైకియాట్రీ డ్యూటీ పడింది. మేం దాన్ని సెలవుల కింద జమకట్టుకున్నాం. "పిచ్చి డాక్టరుకు పిల్లనెవురిస్తారబ్బా" అంటూ మెస్సులో అందరినీ నవ్వించేది నేనే. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి మాత్రం పీజీలో అదే తీసుకుంటాననేది. ఆమెను ఏడిపించడంలోనూ నేనే ముందు.

మూడో రోజు ఓపీలో మా సారు వెనక ఆరుగురం నిలబడి ఉండగా మా చిన్నమ్మ లోపలికి వచ్చింది. అమ్మ చెల్లెలు. చిన్నప్పుడు అమ్మకు జబ్బు చేస్తే ఏడాదిపాటు పలమనేరులో నన్ను సాకింది ఆమే. ఆమెకు బాగాలేదని ఇంట్లో ఎవరికీ తెలియదు.

నన్ను చూడగానే ఆమె ముఖం విప్పారింది. నేను చూపు దించుకుని పక్కవాడి వెనక్కి జరిగాను.

"తిరుపతిలో మీవాళ్లెవరైనా ఉన్నారామ్మా?" అని సారు అడిగారు.

"ఎవురూ లేరు సార్. ఒగదాన్నే వచ్చినా."

నిద్ర పట్టడం లేదని, పాలు పిండబోయి ఆవు పక్కన కూర్చుని ఏడుస్తానని చెప్పింది. ఆవు మాట వినగానే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేనూ నవ్వాను.

మేం ఏడిపించే ఆ అమ్మాయే కుర్చీ దగ్గరికి జరుపుకుని చిన్నమ్మ చేయి పట్టుకుంది. తర్వాత మందుల కిటికీ దాకా తోడు వెళ్లింది. నేను క్యాంటీనుకు పోయాను.

రెండు నెలల తర్వాత పలమనేరు వెళ్లినప్పుడు అడిగాను. "ఆ పొద్దు ఎవురూ లేరని ఎందుకు చెప్పినావు చిన్నమ్మా?"

"నీ సావాసగాళ్లు పక్కనుండారు గదా. నీకు నామర్దా అవతాదని. ఎవురికీ చెప్పలేదులే నాయనా."

ఆ మాట వినగానే ముందు నాకు కలిగింది ఊరట. సిగ్గు ఆ తర్వాతే వచ్చింది.

పీజీలో నా ర్యాంకుకు సైకియాట్రీ సీటు వచ్చేది. చర్మవ్యాధుల విభాగం తీసుకున్నాను. ఆ అమ్మాయి అన్నట్టే సైకియాట్రిస్టు అయి చిత్తూరులో ఉంది. చిన్నమ్మ ఆమె దగ్గరికే వెళుతుంది. ఇప్పుడు కంటినిండా నిద్రపోతోంది.

పోయిన నెల ఫోన్ చేసి, ఈసారి ఆస్పత్రికి నేనూ తోడొస్తానన్నాను.

"వద్దులే నాయనా. నీకు పని సెడతాది. ఆయమ్మ నన్ను బాగా సూసుకుంటాది," అంది.

గొంతులో ఏ నిష్ఠూరమూ లేదు. ఇంకోసారి అడగలేకపోయాను.