వాండా ఏరుకున్న పాంటియాక్

మిషిగన్‌లోని బే సిటీలో రిబిట్స్కీ వాళ్ళింట్లో పాత కార్లు కొనడం అందరికీ వచ్చు, పూర్తి చెయ్యడం మాత్రం ఎవరికీ రాదు. వాండా నాన్న ఫ్యాక్టరీ నుంచి రాగానే గ్యారేజ్‌లో దూరేవాడు. ఆయన పోయేనాటికి పెరటినిండా బళ్ళే, ఒక్కటీ కదలదు. తమ్ముడు కాజ్ ఇంకో అడుగు ముందుకేశాడు. వాడి డాడ్జ్‌లో ఇంజిన్ ఉండాల్సిన చోట రాస్ప్‌బెర్రీ పొద మొలిచింది. వేసవిలో వాడు ఆ పళ్ళు కోసుకుని తింటాడు కూడా!

వాండా ఆ ఇంట్లో టార్చ్ పట్టుకునే పిల్ల. నాన్న ఏ నట్టు విప్పినా వెలుతురు ఆమెదే. అలా చూసిచూసి ఇంజిన్ పనంతా వంటపట్టేసింది. ఇప్పుడు యాభై దాటాయి, స్కూల్ వంటగదిలో ఉద్యోగం. కూతురు మొన్న తన పడవ పట్టుకుపోయేసరికి గ్యారేజ్‌లో సగం ఖాళీ అయింది. ఆ సగంలోకి తనదంటూ ఒక బండి కావాలని పట్టుబట్టింది. అరవైల చివర్లో, డెబ్భైల మొదట్లో వచ్చిన పెద్ద ఇంజిన్ బళ్ళున్నాయే, ఆ రకం. ఎవరి సాయం కోసం ఎదురుచూడకుండా తనే బాగుచేసుకోవాలి, వచ్చే వేసవిలో శుక్రవారం సాయంత్రం ఐస్‌క్రీమ్ కొట్టు ముందు అందరూ బళ్ళు నిలబెట్టుకునే చోటికి తనే నడుపుకుంటూ వెళ్ళాలి. తప్పు బండి తెచ్చిందా, ఆ సగం కూడా నాన్న పెరడే.

"అక్కా, నేను చూసిపెట్టా. డెబ్భైనాటి షెవెల్ కారు. ఎరుపు మీద నల్ల చారలు. చూస్తే పడిపోతావ్," అన్నాడు కాజ్.

"నేను పడిపోను గానీ, నువ్వు పడిపోకుండా చూస్కో."

వీళ్ళు వెళ్ళేసరికే అమ్మేవాడు దాన్ని స్టార్ట్ చేసి ఉంచాడు. గుడగుడమని ఒకటే చప్పుడు, కాళ్ళకింద కాంక్రీటు కూడా వణుకుతోంది. కాజ్ మొహం చూడాలి! గుళ్ళో దేవుణ్ణి చూసినట్టు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

"విన్నావా అక్కా? విన్నావా?"

"వినపడక చస్తుందా? బాబూ, కాస్త ఆపవయ్యా. మోగుతుంటే నాకు కళ్ళు కనపడవు."

అమ్మేవాడు నవ్వి ఆపాడు. వాండా జేబులోంచి ఫ్రిజ్ మీద పెట్టుకునే అయస్కాంతం తీసింది, రంగు గీసుకుపోకుండా గుడ్డముక్కలో చుట్టింది, వెనక చక్రం పైన రేకుకి ఆనించింది. అంటుకోలేదు. ఇంకాస్త కిందకి జరిపింది. జారి కిందపడింది. రేకు ఉండాల్సిన చోటంతా పుట్టీ అన్నమాట. డిక్కీలో పరిచిన మ్యాట్ ఎత్తి బొటనవేలితో నొక్కితే మిలమిలలాడే కొత్త రంగు అప్పడంలా విరిగి, కిందున్న కాంక్రీటు కనపడింది. మా మిషిగన్‌లో చలికాలం రోడ్లమీద చల్లే ఉప్పు బండిని కింద నుంచే తినేస్తుంది మరి.

"చిన్న చిల్లే కదే! వెల్డింగ్ నేను చేసిపెడతాగా," అన్నాడు కాజ్, కొనకుండా కారులో తిరిగొస్తూ.

"ఎప్పుడు? రాస్ప్‌బెర్రీల కోత అయ్యాకా?"

దాంతో అలిగి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

తర్వాతి వారం ఆమే ఒకటి కనుక్కుంది. అరవై తొమ్మిదినాటి పాంటియాక్ లెమాన్స్. బీట్ దుంపలు పండించే గెర్స్ట్‌నర్ అనే పెద్దాయన కొట్టంలో ఉంది.

"లెమాన్సా? జీటీఓ కాదా?" కాజ్ నెత్తి కొట్టుకున్నాడు. "ఒళ్ళు జీటీఓదే, ఆ పేరు మాత్రం లేదు. ఐస్‌క్రీమ్ కొట్టు దగ్గరికి తీసుకెళ్తే నవ్వుతారే!"

"నవ్వనీరా. నడుపుకుంటూ వెళ్తేనేగా నవ్వేది."

బండి ఎండిపోయిన బఠాణీ రంగులో ఉంది. సీటు మీద పిల్లి పడుకుని ఉంది. స్టార్ట్ అవ్వదు. వాండా అయస్కాంతంతో చుట్టూ తిరిగింది, పెట్టిన చోటల్లా టప్పున అతుక్కుంది. అట్టముక్క పరుచుకుని కిందకి దూరింది. ఎంతసేపటికీ రాదే! బూట్లు మాత్రమే కనపడుతున్నాయి.

"బతికే ఉన్నావా?" కాజ్ అరిచాడు.

వచ్చింది. మొహమంతా నల్లటి జిడ్డు, మధ్యలో పళ్ళు. ఏళ్ళ తరబడి ఇంజిన్ నుంచి కారిన ఆయిల్ గాలికి వెనక్కి కొట్టుకుపోయి బండి అడుగంతా మందంగా పట్టేసింది. గరిటెతో గీకితే ఆ జిడ్డు కింద రేకు కొత్తగా మెరుస్తోంది. ఆ జిడ్డే ఉప్పుని తగలనివ్వలేదు, ఒక్క చిల్లు లేదు.

"కారిపోతోందని మా ఆవిడ రోజూ తిట్టేది," అన్నాడు గెర్స్ట్‌నర్. "ఇంతకీ స్టార్ట్ అవుతుందా అని అడగవేం తల్లీ? వచ్చినవాళ్ళంతా ముందు అదే అడిగి వెళ్ళిపోయారు."

"ఇంజిన్ నేను బాగుచేసుకోగలను పెద్దాయనా. రేకు తుప్పుపట్టి పోతే నాకు వెల్డింగ్ రాదు. వెల్డింగ్ వచ్చిన మా తమ్ముడి బండిలోనేమో పొద మొలిచింది."

ముసలాయన పగలబడి నవ్వాడు. కాజ్ కూడా నవ్వాపుకోలేకపోయాడు. పిల్లిని దింపి బండిని ట్రైలర్ ఎక్కించారు.

చలికాలమంతా వాండా గ్యారేజ్‌లో చిన్న హీటర్ గుయ్‌మంటూనే ఉంది. ఇంజిన్ దించి, రింగులు మార్చి, బ్రేకు పైపులన్నీ కొత్తవి వేసింది. కాజ్ కీల్బాసా సాసేజీలు పట్టుకొచ్చి ఓ మూల కూర్చుని, ఇంకా పెద్ద ఇంజిన్ వెయ్యమని పోరు పెట్టేవాడు. ఆమె తింటూ వినేది, వింటూ తన పని తను చేసుకునేది. ఆ శాంతం చూస్తే వాడికి మండేది!

జూన్‌లో బండి బయటికొచ్చింది. రంగు అదే బఠాణీ, ఒక తలుపుకి రంగు ముందు పూసే బూడిదరంగు ప్రైమరే ఉంది, సీటు మీద దుప్పటి. ఐస్‌క్రీమ్ కొట్టు దగ్గర నవ్వినవాళ్ళు నవ్వారు, కానీ బానెట్ ఎత్తితే చుట్టూ మూగి చాలాసేపు కదల్లేదు. కాజ్ అయితే అడిగినవాడికీ అడగనివాడికీ "మా అక్కే, ఒక్కతే," అని చెప్తూనే ఉన్నాడు.

మర్నాడు వాండా బీట్ పొలాల మధ్య రోడ్డు పట్టుకుని గెర్స్ట్‌నర్ ఇంటికెళ్ళింది. చప్పుడుకి ఆయన చేతికర్ర మర్చిపోయి బయటికొచ్చాడు, పిలవకుండానే తలుపు తీసి పక్కసీట్లో ఎక్కేశాడు.

"ఎక్కడికెళ్దాం పెద్దాయనా?"

"ఎక్కడికైనా పర్లేదమ్మా. ఆ కాలవ దాకా రోడ్డు తిన్నగా ఉంటుంది, మా ఆవిడ నన్నెప్పుడూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కనివ్వలేదు. నువ్వు తొక్కు!"

వాండా తొక్కింది.