వడ్డాది బడిలో పదిహేడో నంబరు

ఆ అమ్మాయి మా ఇంటికి ఆగస్టు చివరి బుధవారం సాయంత్రం నాలుగూ నలభైకి వచ్చింది. పుస్తకాల సంచీ ఒకటి, బట్టల సంచీ ఒకటి, రెండు జతల యూనిఫారాలు, మూత సరిగా పడని జామెట్రీ బాక్సు. అన్నీ నోటుబుక్కులో రాసి, తీసుకొచ్చిన సంక్షేమాధికారి చేత సంతకం పెట్టించుకున్నాను. ఆవిడ నవ్వి, "మా ఆఫీసులో కూడా ఇంత పక్కాగా రాయమండీ" అంది.

అమ్మానాన్నలు లేని పిల్ల. పన్నెండేళ్లు, ఏడో తరగతి. అంతవరకు వడ్డాదిలో ఒక దంపతుల ఇంట్లో పెరుగుతోంది. ఆయనకు గుండె ఆపరేషను పడి భార్యాభర్తలిద్దరూ విశాఖపట్నం వెళ్లిపోవలసి వచ్చింది. ఎప్పుడు తిరిగి వస్తారో వాళ్లకే తెలియదు. ఇలాంటి పిల్లలను ఇంట్లో పెట్టుకుని పెంచుతామని మా అబ్బాయి, కోడలు ఏడాది కిందటే పేర్లు రాయించి ఉన్నారు. అందుకని మా చోడవరం ఇంటికి పంపారు. వాళ్లిద్దరివీ ఉద్యోగాలు. బడి సంగతి నేను చూస్తానన్నాను.

నేను తపాలా ఆఫీసులో ముప్పై మూడేళ్లు పనిచేశాను. ఎవరైనా ఇల్లు మారామని కాగితం రాసిస్తే, వాళ్లకు వచ్చే ప్రతి ఉత్తరం మీదా పాత ఊరు కొట్టేసి, కొత్త ఊరు రాసి తిప్పి పంపేదాన్ని. ఒక్కటి కూడా పాత ఇంటికి పోకూడదు. ఈ పిల్ల విషయంలోనూ నా బుర్ర అలాగే నడిచింది. చిరునామా మారింది, బడీ మారాలి. మా ఇంటి నుంచి హైస్కూలు నా నడకలో ఆరు నిమిషాలు. ఇందులో పిల్లను అడగవలసింది ఏముందని అడగలేదు.

మర్నాడు గురువారం ఆమెను ఇంట్లో ఉండమని చెప్పి, అధికారి ఇచ్చిన కాగితంతో మాడుగుల బస్సెక్కి వడ్డాదిలో దిగాను. పదకొండున్నరకల్లా టీసీ చేతికొచ్చింది. ఒక్క పూటలో పని పూర్తయిందని నాకు గర్వంగా కూడా ఉంది.

సాయంత్రం దాన్ని బల్ల మీద పెట్టి, మిగిలిన కాగితాలు సర్దుతున్నాను. పిల్ల వచ్చి నిలబడింది. టీసీ వంక చాలాసేపు చూసింది.

"నా పేరు కొట్టీసేరా మామ్మగారూ?"

"కొట్టేశారు. సోమవారం ఇక్కడ చేరుస్తాను."

"ఎర్ర సిరాతోనా?"

"ఎర్ర సిరాతోనే కొడతారు. ఎందుకు?"

పిల్ల వెళ్లి గడప మీద కూచుంది. ఏడవలేదు. మా కోడలు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే పక్కన కూలబడి, "ఏటే, ఏటయింది? మా అత్తయ్యగారు లెక్కలు సెయ్యమన్నారేటి?" అని నవ్వించబోయింది. పిల్ల నవ్వలేదు.

"నాకు పదిహేడో నంబరక్కా. మళ్లీ ఆకరికెలిపోతాను" అంది.

విషయం మెల్లగా బయటపడింది. హాజరు పట్టీలో పేర్లు జూన్‌లో రాస్తారు. ఆ తరవాత మధ్యలో వచ్చిన పిల్లల పేర్లు అడుగున చేరుస్తారు. ఈ పిల్ల ఎప్పుడూ మధ్యలో వచ్చిన పిల్లే. మొదటి బడిలో ముప్పై ఆరు, రెండో దాంట్లో యాభై రెండు, మూడో దాంట్లో నలభై నాలుగు, నిరుడు వడ్డాదిలో ముప్పై తొమ్మిది. ప్రతి చోటా ఆఖరి నంబరు. తెలుగు టీచరు నోటుబుక్కులు నంబరు వరసలో పంచితే ఈమె దగ్గరికొచ్చేసరికి అయిపోయేవి. సైన్సులో నలుగురేసి గ్రూపు కడితే మిగిలిపోయేది. కొత్త రిజిస్టరు రాసే రోజున తరగతిలో ఉండడం ఈ జూన్‌లోనే మొదటిసారి. అందుకే మధ్యలో పదిహేడు వచ్చింది.

"పదహారు, పద్దెనిమిది నా జట్టు. మేం ముగ్గురం ఒకే బెంచీ. ఆళ్లకి సెప్పకుండా వచ్చీసేను."

కోడలు నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

రాత్రి భోజనాలకు ముందు ఆమెను లెక్కలు చేయమన్నాను. అది నా అలవాటు, ఓదార్చడం చేతకానప్పుడు. భిన్నాలు కూడమన్నాను, చక్కగా కూడింది. భాగించమంటే పెన్సిలు ఆగిపోయింది. "అక్కడిదాకా రానేదు" అంది. మూడు బళ్లలో మూడుసార్లు భిన్నాలు మొదలుపెట్టిందట. ప్రతిసారీ కూడిక దగ్గర ఉండగా ఊరు మారింది. కొత్త బడిలో ఆ పాఠం ఇంకా మొదలే కాలేదు, లేదా అయిపోయి ఉంది.

పాత టీసీల నకళ్లు ఆమె సంచీలో ఉన్నాయి. ఒక బడి వదిలిన తేదీ, ఇంకో బడిలో చేరిన తేదీ పక్కపక్కన వేసుకుని తీసివేశాను. ఇరవై మూడు, నలభై ఒకటి, ముప్పై ఎనిమిది. మొత్తం నూట రెండు రోజులు ఈ పిల్ల ఏ బడి పిల్లా కాదు. తప్పు పడిందేమోనని మళ్లీ కూడాను. నూట రెండే. ఆ కింద నా వల్ల కలిసిన ఆ గురువారం ఒక్క రోజునూ వెయ్యాలి. వేసి, పక్కన నా పేరు రాసుకున్నాను.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదీ పదికి అదే మాడుగుల బస్సు. ఈసారి పిల్ల కూడా యూనిఫారం వేసుకుని నా పక్కన. కండక్టరు నాకు ఆడవాళ్లకిచ్చే సున్నా టిక్కెట్టు కొట్టి, "నిన్నా వడ్డాదే, ఇయ్యాలా వడ్డాదే. బడిలో సేరిపోయేరేటి మామ్మగారూ?" అన్నాడు.

"చేర్చుకుంటారో లేదో చూడాలి బాబూ" అన్నాను.

హెడ్‌మిస్ట్రెస్ నా చేతిలో టీసీ చూసి కళ్లజోడు తీసేసింది. "ఏటమ్మా, తప్పు పడ్డాదా?"

"మీ తప్పు కాదండీ, నాది. ఇది వెనక్కి తీసుకోండి."

"అదెలా అవుద్ది? మా పెద్ద రిజిస్టర్లో రాసీసేను. మళ్లీ సేర్సుకుంటే కొత్త అడ్మిషనే. కింద ఆకర్న రాస్తారు."

"ఆకర్న" అన్న మాట విని పిల్ల గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను అవతలివాళ్లకు చెప్పిన మాట ఒకటే: రూలు లేదు. ఆ రోజు కౌంటరుకు ఇవతల నిలబడి అడిగాను. "క్లాసు హాజరు పట్టీలో కొట్టేశారా?"

ఆవిడ అటెండరును పంపి తెప్పించింది. క్లాసు టీచరు గురువారం సెలవు. బదులు వచ్చిన టీచరు పదిహేడో గడిలో గైర్హాజరు అని మాత్రమే వేసింది. పేరు మీద గీత పడలేదు.

హెడ్‌మిస్ట్రెస్ ఆ పేజీని, గుమ్మం దగ్గర పిల్లను, నన్ను చూసింది. "టీసీ ఏ బడిలోనూ ఇవ్వలేదు కదా? అయితే రద్దు సెయ్యొచ్చు. మీరు దరకాస్తు రాయాలి. ఆఫీసరమ్మ నుంచి ఉత్తరం రావాలి. ఏం కారణం రాస్తారు?"

కాగితం తీసుకుని "నా పొరపాటు వలన" అని రాశాను. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఆ మాట ఎక్కడా రాయలేదు. కింద సంతకం పెట్టాను.

అధికారికి అక్కడి నుంచే ఫోను చేశాను. ఆవిడ ఒక పట్టాన ఒప్పుకోలేదు. "రోజూ ఆ దూరం ఎవరు తీసుకెళ్తారండీ? మీ వయసెంత?"

"అరవై తొమ్మిదేళ్ల నాలుగు నెలలు. నేనే తీసుకెళ్తాను."

"రేపు ఆ దంపతులు తిరిగొస్తే పిల్ల వాళ్ల దగ్గరికే పోవచ్చు. మీ ఇంట్లో ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేను."

"అందుకే అడుగుతున్నాను" అన్నాను. "ఇల్లు మీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు. బడి ఉంది. అదైనా ఒకచోట ఉండనివ్వండి."

ఆవిడ బడి పేరు, పిల్ల తరగతి మళ్లీ అడిగి రాసుకుంది. తరవాత ఉత్తరం పంపుతానంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అది హెడ్‌మిస్ట్రెస్ ఫోనులోకి వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ టీసీ మీద అడ్డంగా రెండు గీతలు గీసి, మధ్యలో రద్దు అని రాసి, సంతకం పెట్టింది. పెద్ద రిజిస్టరులో ఎర్ర గీత అలాగే ఉంది. దాని పక్కనా సంతకం పెట్టింది. పిల్లను చూసి, "నిలబడ్డావేటే? క్లాసుకెళ్లు" అంది. ఆమె వరండాలో పరుగెత్తిన చప్పుడు విన్నాను.

సోమవారం నుంచి ఇద్దరం వెళ్లడం మొదలుపెట్టాం. బస్సులో భిన్నాల భాగహారం చెప్పేదాన్ని. కుదుపులకు గీతలు వంకర పోయేవి, జవాబులు సరిగ్గానే వచ్చేవి. మూడో రోజు నుంచి మామ్మగారు పోయి మామ్మ అయ్యాను. బడి గేటు దాకా దింపి, పది నిమిషాలు నిలబడి, తిరుగు బస్సెక్కేదాన్ని. సాయంత్రం మళ్లీ వెళ్లి తీసుకొచ్చేదాన్ని.

రెండో వారం మంగళవారం, బస్సు వడ్డాదిలో ఆగబోతుంటే నా చీర కొంగు లాగింది.

"మామ్మా, ఓ మాట. నువ్విక్కడే ఉండిపో. దిగకు."

"ఏం? రోడ్డు దాటొద్దూ?"

"మావోళ్లొచ్చేరు, అల్లక్కడ. నాను సిన్నపిల్లనేటి? ఆళ్లు నవ్వుతన్నారు, మామ్మొచ్చింది మామ్మొచ్చిందని."

కిటికీలోంచి చూశాను. ఇద్దరు ఆడపిల్లలు రోడ్డు పక్కన చెయ్యూపుతున్నారు. ఒకతె, "ఒలే, బేగి రాయే! ప్రేయరయిపోతాది!" అని కేకేసింది. మా పిల్ల మెట్ల మీంచి గెంతింది. ముగ్గురూ ఒకరి జడ ఒకరు లాక్కుంటూ పోయారు. వెనక్కి చూస్తుందేమోనని నేను మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను. చూడలేదు.

"ఏటి మామ్మగారూ, దిగలేదేటి?" అని కండక్టరు అడిగేసరికి బస్సు ఊరు దాటేసింది. దిగి తిరుగు బస్సు ఎక్కాలన్న సంగతే మరిచిపోయాను. ఎలాగూ వచ్చాను కదా అని మాడుగుల దాకా వెళ్లి వచ్చాను.